ఆరె, రంపె, గూటము: తోలుపనివారి పనిముట్లును, నేర్పును

గత సంవత్సరము మా పాఠశాలలో చేతిపనుల ప్రదర్శన జరిగినది. ప్రతి విద్యార్థియు తన యింట నున్న పాత పనిముట్టు నొకదానిని తెచ్చి, దాని పేరును, ఉపయోగమును ఒక కాగితముపై తెలుగున వ్రాసి ప్రక్కన పెట్టవలెనని మేము చెప్పియుంటిమి. పిల్లలు ఉత్సాహముతో కుంచములు, కవ్వములు, కొడవళ్లు, తిరుగళ్లు తెచ్చి బల్లలపై నుంచిరి. ఏడవ తరగతి బాలు డొకడు మాత్రము గుడ్డసంచి నొకదానిని చంకన నిరికించుకొని ఒక మూల నిలిచియుండెను. పలుమార్లు అడిగిన పిమ్మట సంచి విప్పెను. అందులో గుండ్రని కొయ్యపిడి గల యొక ఇనుప మొన, వెడల్పైన అంచు గల యొక పొట్టి కత్తి, తల అరిగిపోయిన యొక కొయ్యగూటము ఉన్నవి. పేర్లు వ్రాసిన కాగితము లేదు. కారణ మడుగగా, "పేర్లు మా తాతకు తెలుసు సార్. వ్రాయవద్దని నాన్న చెప్పినారు" అని తల వంచుకొనెను.

ఆ మూడును తోలుపనివారి పనిముట్లు. ఇనుప మొన పేరు ఆరె, కత్తి పేరు రంపె, మూడవది గూటము. బాలుని తండ్రి వాటి పేర్లు వ్రాయవద్దని యేల చెప్పెను? ఆ సంగతి వ్యాసాంతమున ముచ్చటింతుము. అంతకు ముందు ఆ పనిముట్లు ఏమి చేయునో, వాటిని పట్టిన చేయి ఏమేమి ఎరిగియుండవలెనో తల్లిదండ్రులకు వివరింపవలెనని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందలి సంగతులు కొన్ని పుస్తకములనుండి గ్రహించినవి. కొన్ని ఆ బాలుని తాతగారి యింటి అరుగుమీద కూర్చుండి కన్నవి, విన్నవి.

మన జిల్లాలో ఈ పని

ధర్మపురి మెట్టభూముల జిల్లా. ఇది 1965వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి వేరుపడి ఏర్పడినది. 2004లో దీనినుండి కృష్ణగిరి జిల్లా వేరైనది. ఈ రెండు జిల్లాలలోను తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. వారిలో రైతు లున్నారు, వర్తకు లున్నారు, తోలుపని వంశవృత్తిగా గల అరుంధతీయు లున్నారు. తమిళనాడు పడమటి జిల్లాలలోని అరుంధతీయులలో ననేకులు ఇంట తెలుగును, వీధిలోను బడిలోను తమిళమును మాటలాడుదురు. కావున ఈ వృత్తికి చెందిన తెలుగు మాటలు ఇచ్చట గ్రంథములలో గాక ఇండ్లలోనే నిలిచియున్నవి. ఇంట వాడుక తప్పిన నాడు అవి మరియెచ్చటను దొరకవు.

పూర్వము తోలుపని లేనిదే సేద్యము సాగెడిది కాదు. మెట్టప్రాంతమున నూతినీరే పైరుకు ప్రాణము. ఆ నీటిని పైకి తెచ్చునది కపిల. నేటి పిల్లలు దానిని చూచియుండరు గనుక కొంచెము వివరింతుము. నూతిగట్టునుండి పల్లముగా తీర్చిన బాట యొకటి యుండును. ఎద్దులజత ఆ పల్లమున దిగునపుడు మోకు లాగబడి, నీటితో నిండిన బాన పైకి వచ్చును. బాన అడుగున పొడుగాటి తోలుతొండ ముండును. నూతిలో నున్నంతసేపును మరియొక సన్నని త్రాడు దాని కొనను పైకెత్తి పట్టియుంచుటచే నీరు కారిపోదు. బాన గట్టు నంటగానే తొండపు కొన కాలువలోనికి వాలి, నీరు తనంత తానే పారును. వంచుటకు వేరొక మనిషితో పని లేదు. ఇంతటి చక్కని ఏర్పాటంతయు ఆ తొండమును కుట్టిన కుట్టుపై నాధారపడి యుండెడిది. కుట్టు వదలినచో పైరు ఎండెడిది.

కపిలయే గాక, కాడికి కట్టు వారులు, ఎద్దుల మెడకు మువ్వలపట్టీలు, చెర్నాకోలలు, కమ్మరి కొలిమికి తిత్తులు, పండుగలకు డప్పులు, రాళ్లలో ముండ్లలో నడచు రైతుకు చెప్పులు, ఇవి యన్నియు ఒక్క చేతినుండియే వచ్చెడివి. కళ్లము జరిగినపుడు పనివానికి ధాన్యము మేరగా ముట్టెడిది. కాని ధాన్యము కొలిచిన వారే అతనిని కళ్లము చివర, దూరముగా నిలువబెట్టెడివారు. ఈ రెండు మాటలను కలిపి చెప్పినపుడే ఆ కాలమును గూర్చి నిజము చెప్పినట్లగును.

విద్యుత్తుతో నడచు మోటార్లు పల్లెలకు వచ్చుటతో కపిల క్రమముగా మూలబడినది. తోలుచెప్పుల స్థానమున రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చినవి. ట్రాక్టరుకు కాడివారు అక్కరలేదు. ఒక్క తరము గడచునప్పటికి పని పల్లెను విడిచి, బస్సుస్టాండు ప్రక్కన చెట్టునీడకు చేరినది.

పచ్చితోలు పదునైన తోలగుట

పశువు శరీరమునుండి తీసిన పచ్చితోలు మన వేసవిలో ఒక దినమునకే కుళ్లనారంభించును. తడిసిన కుళ్లును, ఎండిన బిరుసెక్కి విరుగును. దానిని ఏండ్లతరబడి మన్ను వస్తువుగా మార్చు విద్యయే చర్మశుద్ధి.

మొదట ఉప్పు పట్టించి కుళ్లును ఆపుదురు. పిదప కడిగి సున్నపునీటిలో కొన్ని దినములు నానబెట్టుదురు. సున్నము వెంట్రుకల మొదళ్లను వదులు చేయును. అప్పుడు తోలును నున్నని దుంగపై పరచి, రెండు ప్రక్కల పిడులు గల మొద్దుకత్తితో వెంట్రుకలను నెట్టివేయుదురు. ఈ కత్తి పదునుగా నుండరాదు. పదునైనచో వెంట్రుకతోబాటు పైపొర తెగును. తరువాత తోలును త్రిప్పి, లోపలివైపున అంటియున్న మాంసపు పొరను పదునైన కత్తితో తీయుదురు. ఒకే తోలుకు ఒకవైపు మొద్దుకత్తి, ఒకవైపు పదునుకత్తి! ఏ కత్తి ఎచ్చట నుపయోగింపవలెనో తెలియుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

సున్నమును బాగుగా కడిగివేసిన పిమ్మట తోలును చెక్కనీటిలో నుంచుదురు. ఈ తొట్టిని లంద యందురు. మన ప్రాంతమున ఈ పనికి ముఖ్యమైనది తంగేడుచెక్క. తమిళమున ఆవారం అని పిలుచు ఆ పొదయే ఇది. సంక్రాంతికి ముందు మన జిల్లాలో వేపాకుతో కలిపి ఇంటి చూరున కట్టు పచ్చని పూవు దీనిదే. తెలంగాణమున బతుకమ్మలో పేర్చు పూవును ఇదే. ఆ రాష్ట్రమునకు రాష్ట్రపుష్పమును ఇదే. మెట్టచేల గట్లపై ఎవరును నీరు పోయకయే పెరుగు ఈ పొద బెరడులో ఒగరు మెండుగా నున్నది.

ఆ ఒగరే తోలును కాపాడునది. పచ్చి కరక్కాయను కొరికినపుడు నాలుక మొద్దుబారి, నోరు పట్టుకొనిపోయినట్లుండును గదా. ఒగరు పదార్థము మన నోటిలోని మాంసకృత్తులను పట్టి బిగించుటయే అందుకు కారణము. అదే పదార్థము తోలులోని సన్నని నారలను పట్టి బిగించినపుడు వానిలోనికి క్రిములు చొరలేవు, నీటికి కుళ్లదు. ఉష్ణమును గూడ ఎక్కువ ఓర్చుకొనును. పచ్చితోలు నీటిలో సుమారు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ముడుచుకొనిపోవును. చెక్కనీటిలో పదునైన తోలు 75 నుండి 85 డిగ్రీల వరకు నిలుచును.

ఇచ్చట నొక మెలకువ కలదు. తోలును మొదటనే చిక్కని చెక్కనీటిలో వేయరాదు. వేసినచో పైపొర వెంటనే బిగిసికొని లోపలికి ఒగరు పోనీయదు. పైకి పదునైనట్లు కనబడినను నడుమ పచ్చిగనే యుండును. కావున మొదట వాడిన పలుచని నీరు, తరువాత కొంచెము చిక్కనిది, కడపట క్రొత్తచెక్కతో చేసిన చిక్కని నీరు వాడుదురు. కొన్ని పల్లెలలో తోలునే తిత్తిగా కుట్టి, చెక్కపొడిని నీటిని అందులో నింపి, కొయ్యలకు వ్రేలాడదీసెడివారు. నీరు తోలుగుండ ఊరి క్రిందికి కారును; దానిని మరల ఎత్తి పోయుదురు. తొట్టి లేని పేదవానికి తోలే తొట్టి అయినది!

తంగేటితో పదును చేసిన తోలు ఎండ తగిలిన ఎర్రబారును. అందుచేత కడపట కరక్కాయనీటిలో ముంచి తీయుదురు. పిదప నూనె రుద్ది నీడన ఆరబెట్టుదురు. ఈ పద్ధతితో చేసిన దక్షిణదేశపు తోళ్లు "ఈస్టిండియా తోళ్లు" అను పేరుతో చెన్నపట్టణపు రేవునుండి సీమకు ఎగుమతి అయ్యెడివి. వాణియంబాడి, ఆంబూరు, ఈరోడు, దిండిగల్లు పట్టణములు ఆ వ్యాపారముననే పేరొందినవి.

అన్ని తోళ్లను పదును చేయరు. డప్పుకు మేకతోలును శుభ్రము చేసి పచ్చిగనే కొయ్యచట్రముపై బిగింతురు. ఆరుకొలదిని అది ముడుచుకొని తనంత తానే బిగియును. మ్రోగించుటకు ముందు నిప్పుసెగ చూపుటయు ఇందుకే. అనంతపురము ప్రాంతమున ధర్మవరము దగ్గరనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకును తోలును పదును చేయరు. చేసినచో దీపపు వెలుగు దానిగుండ ప్రసరింపదు. ఆ గ్రామపు కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. తోలు ఒక్కటే, ఏ పనికి దానిని ఎంతవరకు మార్చవలెనో, ఎచ్చట ఆపవలెనో తెలియుటయే నేర్పు.

రంపె

ఇక బాలుడు తెచ్చిన పనిముట్ల సంగతి. రంపె వెడల్పైన ఉక్కురేకు. దాని అంచు కొంచెము వంపుగా నుండును. పిడి పొట్టిగా అరచేతిలో ఒదుగును. తోలును బండపై పరచి, రంపెను ముందునకు నెట్టుచు కోయుదురు. అంచు వంపుగా నుండుటచే, మణికట్టును కొంచెము దొర్లించినంతనే కత్తి గుండ్రముగా తిరుగును. చెప్పుమడమ వంటి మలుపులు ఒక్క కోతలో వచ్చును.

కోయుటకన్న కష్టమైనది అంచును పలుచన చేయుట. రెండు తోళ్లను ఒకదానిపై నొకటి పెట్టి కుట్టినపుడు ఆ చోట దిండుగా లేచి కాలికి ఒరయును. కావున రంపెను దాదాపు పడుకోబెట్టి, అంచును కాగితమువలె పలుచగా చీరుదురు. చేయి ఒక్క పిసరు వాలినచో తోలు చిల్లిపడును. పెద్దాయన ఆ పని మా యెదుట చేసి చూపెను. ఆయన వయస్సు ఎనుబది దగ్గర. ఇతరమైన పనులలో చేయి వణకును. రంపె పట్టినపుడు వణకలేదు. "ఎంత వాల్చవలెనో ఎట్లు తెలియును?" అని అడిగితిమి. "చేతికి తెలుసయ్యవారూ, నోటితో చెప్పమంటే నాకు రాదు" అనెను.

ఆరె

ఆరె అను పేరు మిక్కిలి ప్రాచీనము. సంస్కృత నిఘంటువగు అమరకోశమున "ఆరా" అను పదము తోలును తొలుచు పనిముట్టు అను అర్థమున కలదు. మనము చెట్టుక్రింది పనివాని చేతిలో చూచునది ఆ పేరు మోయుచున్న వస్తువే.

ఆరె తోలును తొలుచునే గాని తోలులోని ముక్కను తీసివేయదు. దాని మొన నారలను ప్రక్కలకు తొలగించి దారి చేయును. దారము దూరిన పిమ్మట ఆ నారలు మరల దగ్గరకు వచ్చి దారమును పట్టుకొనును. గుండ్రముగా ముక్క తీసిన చిల్లు అట్లు మూసికొనదు. కావుననే కుట్టుటకు ఆరెయు, వారు దూర్చు చిల్లులకు వేరొక పనిముట్టును వాడుదురు.

కుట్టు ఆరెకు మొన దగ్గర చిన్న గంటు ఉండును. పనివాడు ఆరెను పైనుండి గ్రుచ్చి, అడుగున ఎడమచేతితో దారము నందించును. గంటు ఆ దారమును పట్టుకొని ఉచ్చుగా పైకి తెచ్చును. పైనున్న దారపు కొనను ఆ ఉచ్చులో దూర్చి, రెండు దారములను రెండు చేతులతో బిగించి లాగును. ఈ విధముగా ప్రతి చిల్లునందును రెండు దారములు పెనవేసికొనును.

దీని విలువ తెలియవలెనన్న బియ్యపుసంచి మూతిని చూడుడు. అందలి గొలుసుకుట్టు కొస పట్టి లాగగానే జరజర ఊడివచ్చును. చేతికుట్టు అట్లు ఊడదు. ఒకచోట దారము అరిగి తెగినను, ప్రక్క చిల్లులలో బిగిసిన కుట్లు నిలిచియుండును. దారమునకు తేనెమైనము రాచుదురు. మైనము దారమును నీటినుండి కాపాడుటయే గాక, చిల్లులో జారకుండ పట్టియుంచును.

గూటము, బండ, తడి

మెత్తని అడుగుతోలు నేలపై త్వరగా అరుగును. కావున దానిని తడిపి, బండపై నుంచి గూటముతో మోదుదురు. నారలు దగ్గర దగ్గరగా నొత్తుకొని తోలు గట్టిపడును. మోదుటలోను క్రమ మున్నది. నడుమనుండి అంచులకు మోదవలెను. అంచులనుండి నడుమకు మోదినచో నడుమ ఉబ్బును. మోదు ముఖము గుండ్రముగా నుండవలెను. అంచు పదునుగా నున్నచో తోలుపై గాట్లు పడును. బాలుడు తెచ్చిన గూటపు తల అరిగినది పాతదగుటచే మాత్రమే కాదు. అది వాడి వాడి సరియైన రూపమునకు వచ్చిన గూటము.

తడి విషయమున గొప్ప జాగ్రత్త వలయును. పొడితోలు వంగదు, నానిన తోలుపై గుర్తు నిలువదు. తడిపిన తోలు పైకి ఆరినట్లు కనబడుచు లోపల చెమ్మగా నున్నవేళ పని చేయవలెను. ఆ వేళ ఎప్పుడు వచ్చునో పెద్దాయన తోలును చెక్కిలికి ఆనించుకొని చెప్పును. చల్లగా తగిలిన చాలు, అదియే సమయము.

తోలును చదువుట

పనిముట్లు ఉన్నంతమాత్రమున పనివాడు కాడు. పుస్తకము చదువుట మన పిల్లలకు నేర్పుచున్నాము. తోలును చదువుట వేరొక అక్షరాభ్యాసము. పశువు వీపుతోలులో నారలు దట్టముగా నుండును. అది సాగదు, అరుగదు. పొట్టతోలులో నారలు వదులు; లాగినచో సాగును. చెప్పు అడుగుకు వీపుతోలు, లోపలి అతుకులకు పొట్టతోలు వాడవలెను. వారును వెన్నెముక వెంబడి పొడుగున కోసినచో నిలుచును. అడ్డముగా కోసినచో కొలదినాళ్లలో సాగి వదులగును. పొడుగాటి తోలు దొరకనిచో, గుండ్రని ముక్కను అంచునుండి చుట్టలు చుట్టలుగా లోపలికి కోసికొనుచు పోయిన అరచేయంత తోలునుండి మూరల పొడవు వారు వచ్చును. ఇది క్షేత్రగణితమే; కాని బడిలో నేర్చినది కాదు.

ముండ్లకంచె గీచిన గీత, ఈగ కుట్టిన మచ్చ, కాడి ఒరసిన చోటు, ఇవి యన్నియు తోలుపై వ్రాసియుండును. మంచి పనివాడు మొదట తోలును వెలుగునకు పట్టి, వ్రేళ్లతో మడచి చూచి, ఏ ముక్క ఎచ్చట పనికివచ్చునో మనసున లెక్క వేసికొనును. రంపె పెట్టుట తరువాతి మాట. కోసినదానిని తిరిగి అతికింపలేము గదా!

ఇతర దేశములలో

ఈ నేర్పు మానవజాతికంతటికి చెందినది. ఈజిప్టుదేశమున రెఖ్మిరె అను మంత్రి సమాధిగోడలపై సుమారు 3,400 సంవత్సరముల క్రిందట వ్రాసిన చిత్రములలో తోలుపనివా రున్నారు. వారి చేతులలో మన రంపెను పోలిన అర్ధచంద్రాకారపు కత్తులు కలవు. ఆర్మీనియాదేశపు గుహ యొకదానిలో 2008లో దొరకిన తోలుచెప్పు సుమారు 5,500 ఏండ్లనాటిది. ఒకే ఆవుతోలు ముక్కను పాదమునకు చుట్టి, తోలువారుతో బిగించి చేసినది. ఫ్రాన్సుదేశమున సుమారు 50,000 ఏండ్లనాటి ఎముకపనిముట్లు దొరకినట్లు 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తోలును రుద్ది నునుపు చేయు ఆ ఎముకల రూపము నేటి తోలుపనివారు వాడు పనిముట్టు రూపమే. ఇంత దీర్ఘకాలము రూపు మారని పనిముట్లు లోకమున మిక్కిలి అరుదు.

కాలము తెచ్చిన మార్పు

చెక్కనీటి తోలు కపిలనీటిలో నిత్యము నానుచుండిన త్వరగా చెడును. ఈ చిక్కు తీర్చుటకై ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఆంగ్లేయుడు 1903 ప్రాంతమున చెన్నపట్టణమున క్రోమియపు ఉప్పులతో తోలును పదును చేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. క్రోము తోలు నీటికి ఓర్చును. సుమారు 100 డిగ్రీల వేడికిని నిలుచును. లందలో వారములు పట్టు పని దినములలో ముగియును. నేడు ప్రపంచమున తయారగు తోలులో అధికభాగము ఇట్టిదే.

1948లో చెన్నైలోని అడయారున కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడినది. 1958 నుండి 1971 వరకు దానికి అధిపతిగా నుండి, పేరుప్రతిష్ఠలు తెచ్చినవారు మన తెలుగువారగు డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. వారు 1922లో తెనాలి ప్రాంతమున రైతు కుటుంబమున జన్మించిరి. ఇతరులు తాకుటకే వెనుకాడిన తోలును తమ శాస్త్రముగా నెన్నుకొని, అమెరికాలో ఉన్నతవిద్య నభ్యసించి, తిరిగి వచ్చి దేశమున కుపయోగపడిరి. 1985 జూను 23వ తేదీన కనిష్క విమానప్రమాదమున మరణించిరి. ఒక పని హీనమగుటయు, గౌరవనీయ మగుటయు ఆ పనిలో లేదనియు, చూచువారి దృష్టిలో నున్నదనియు వారి జీవితమువలన తెలియుచున్నది.

వేగమునకు వెలయు చెల్లింపవలసివచ్చినది. చర్మశుద్ధి కర్మాగారముల మురుగునీటివలన పాలారునదీతీరము పాడైనది. 1996లో సుప్రీంకోర్టు ఆ విషయమై గట్టి తీర్పు నిచ్చెను. నేడు చెక్కనీటి తోలును కోరి కొనువారు విదేశములలో మరల కనబడుచున్నారు. కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 జూనులో ఇటలీదేశపు పేరుమోసిన సంస్థ యొకటి అట్టి చెప్పులనే మిలాను నగరమున ప్రదర్శించి, వాని పుట్టుక ఎచ్చటిదో మొదట చెప్పకపోవుటచే విమర్శకు గురియయ్యెను. అచ్చట గాజుపెట్టెలో మెరయు కుట్టు, ఇచ్చట చెట్టుక్రింద ధూళిలో కూర్చున్నవాని కుట్టు ఒకే జాతివి.

పేరు వ్రాయని కాగితము

ప్రదర్శన జరిగిన మరునాడు బాలుని తండ్రి మమ్ము చూడవచ్చెను. ఆయన బస్సు కండక్టరు. "మా నాయన ఈ ఆరెతోనే నన్ను చదివించినాడు సార్. దానిమీద నాకు కోపం లేదు. కాని ఆ పేరు బల్లమీద చూచినవారు నా కొడుకును మొదట అడిగేది మీదే కులమని. ఇన్నేండ్లు మా నాయనను ఎవరూ పనితనం ఎంతని అడగలేదు" అనెను.

మాకు జవాబు తోచలేదు. ఎవరి యింటి పనిముట్టు వారు తెచ్చి నలుగురి యెదుట పెట్టుడని చెప్పుటలో, కొందరు పిల్లలను తమ కులము చెప్పుకొమ్మని అడిగినట్లే యైనది. తిరుగలి తెచ్చిన పిల్లకు అందు కష్టము లేదు. ఆరె తెచ్చిన పిల్లవానికి ఉన్నది. ఈ మాత్రము మేము ముందు ఆలోచింపకపోతిమి. ఆ లోపము మాది.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల వాటాలో అరుంధతీయులకు 3 శాతము ప్రత్యేకముగా కేటాయించినది. ఇట్టి చట్టములవలన పిల్లలు కళాశాలలకు, ఉద్యోగములకు పోవుచున్నారు. అది మంచిది. తాత చేసినందున మనుమడును ఆ పనియే చేయవలెనని ఎవరును అనరాదు, మేమును అనము. కాని పని విడుచుట వేరు, ఆ పనిలోని విద్యను సిగ్గుతో పాతిపెట్టుట వేరు. అవమానించినవారు సిగ్గుపడవలసిన చోట, నేర్పు గలవారు సిగ్గుపడుట న్యాయము కాదు.

ఈ సంవత్సరము మేము పద్ధతి మార్చితిమి. అన్ని పనిముట్లను ముందుగనే పాఠశాలకు తెప్పించి, ఎవరి యింటినుండి వచ్చినదియు వ్రాయక, ఒకే బల్లపై నుంచితిమి. ఆరె ఏమి చేయునో, కవ్వము ఏల త్రిప్పవలెనో ఏడవ తరగతి పిల్లలందరును నేర్చుకొనిరి. పేర్లను చీట్లు వేసి పంచగా, వ్యాపారి కుమార్తె యొకతె రంపెను గూర్చి వ్రాసెను. ఆరెను గూర్చి రైతు బిడ్డ యొకడు వ్రాసెను. గుడ్డసంచి తెచ్చిన బాలునికి తిరుగలి వచ్చినది. అతడు తన కాగితము ముగించిన పిమ్మట ఆరె దగ్గరకు పోయి, స్నేహితుడు వ్రాసినదానిలో గంటు ఏ ప్రక్క నుండవలెనో తప్పు దిద్దెను. ఎట్లు తెలియునని ఆ స్నేహితుడు అడుగగా, "మా తాత చూపినాడు" అని చెప్పెను.

తల్లిదండ్రులారా! మీ యిండ్లలో పెద్దవారు వాడు పనిమాటలు ఎన్నియో యుండును. అవి నేతవి కావచ్చును, సేద్యమువి కావచ్చును, వంటవి కావచ్చును, తోలుపనివి కావచ్చును. తమిళము మన పిల్లలకు రాష్ట్రభాష, ఆంగ్లము ఉద్యోగభాష. ఈ మాటలు మాత్రము తెలుగున మీ నోటనే యున్నవి. పాఠశాల కార్యాలయమున ఒక పుస్తకమును ఉంచితిమి. మీ పేరు వ్రాయ నక్కరలేదు. మాటను, దాని అర్థమును, ఆ పని చేయు విధమును వ్రాసిన చాలును. వ్రాయుట రానివారు వచ్చి చెప్పినచో మా ఉపాధ్యాయులు వ్రాసికొందురు. ఆ పుస్తకమున మొదటి పుటలో ఇప్పటికి మూడు మాటలు ఉన్నవి: ఆరె, రంపె, గూటము.